నెదర్ పిల్కోట్ బస్ షెల్టరులో రాజకుమారి

"నెదర్ పిల్కోట్‌లో ఏ రాయి కదిపినా చరిత్రే!" అని గ్రామ వారసత్వ సంఘం అధ్యక్షుడు మేజర్ థాక్‌వెల్ సభలో ప్రకటించాడు.

ఆయన మాటకు తిరుగులేదు. ఊళ్ళో రోమన్లు తవ్విన బావి ఉంది, నీళ్ళు లేవు. నార్మన్లు కట్టిన చర్చి ఉంది, జనం లేరు. ఎవరో రాజుగారు ప్రాణభయంతో దాక్కున్న ఓక్ చెట్టు కూడా ఉంది. ఇన్ని ఘనతల మధ్య ఒక్కటే మచ్చ, రేకు కప్పు వేసిన ఇటుకల బస్ షెల్టరు. దాని వయసు డెబ్బై ఏళ్ళే. ఇంగ్లండులో అది పాలుతాగే వయసు! 'అందమైన గ్రామం' పోటీకి పరిశీలకులు రాకముందే దాన్ని పడగొట్టాలని మేజర్ తీర్మానం పెట్టాడు.

వెనక వరసలో కూర్చున్న హిల్డా ప్రౌట్ చటుక్కున లేచి నిలబడింది. షెల్టరు పోతే స్టాపూ పోతుంది. గురువారం గురువారం అక్కడ బస్సెక్కే ఆమె టౌనులో వృద్ధాశ్రమంలో ఉన్న భర్త ఎర్నెస్ట్ దగ్గరికి వెళుతుంది. ఎర్నెస్ట్‌కు ఆమె పేరు గుర్తులేదు గానీ, ఆమె తెచ్చే అల్లం కేకు గుర్తుంది. కేకు అందకపోతే ఆ కాస్తా చెరిగిపోతుందని ఆమె భయం.

"రాజకుమారిగారు కూర్చున్న చోటు పడగొడతారా!" అనేసింది హిల్డా.

సభలో తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"ఏ రాజకుమారి?" అన్నాడు మేజర్.

"పేరు బయటపెట్టొద్దందట. జోరువానలో కారు చెడిపోతే అక్కడే కూర్చుందట, నీలం టోపీ పెట్టుకుని. మా ఎర్నెస్ట్ చిన్నప్పుడు కళ్ళారా చూశాడు."

ఇంత పెద్ద సంగతి తనకు తెలియదని ఒప్పుకునే మనిషి ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

"ఆవిడా! టీ ఇచ్చింది మా అమ్మే కదా!" అంది పోస్టాఫీసు ఎనిడ్ గ్రబ్.

మేజర్ గొంతు సవరించుకున్నాడు. "గొడుగు పట్టింది మా నాన్నగారు. మా ఇంట్లో అది గోప్యంగా ఉంచాం, అంతే."

షెల్టరును కాపాడాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. నిజంగానే కాపాడారు! శిలాఫలకం పెట్టారు, చుట్టూ ఇనుప కంచె కట్టారు, గేటుకు తాళం వేశారు. బస్సు పొగకు ఫలకం మాసిపోతుందని సంఘం మొరపెట్టుకుంటే జిల్లావారు స్టాపు ఎత్తేశారు. ఆ గురువారం కేకు పట్టుకుని నిలబడ్డ హిల్డా ముందునుంచే బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది.

ఫలకం తుడుస్తున్న మేజర్ దగ్గరికి ఆమె విసవిసా నడిచింది. "మేజర్‌గారూ, నేను అబద్ధం చెప్పాను. ఏ రాజకుమారీ రాలేదు!"

మేజర్ ఆమెను జాలిగా చూశాడు. "పాపం, మీరు ఈ ఊరికొచ్చి నలభై ఏళ్ళేగా, కొత్తవారు. మీకెలా తెలుస్తుంది? మా నాన్నగారు అక్కడ స్వయంగా ఉన్నారమ్మా!"

ఆ ఊళ్ళో నిజంతో పని జరగదని హిల్డాకు అప్పుడర్థమైంది.

"అయితే చెప్పండి, ఆవిడ తిరిగి ఎలా వెళ్ళింది?"

మేజర్ తడబడ్డాడు. "అదీ..."

"బస్సులో! గురువారం బస్సులో!"

"అవునవును!" పోస్టాఫీసు గుమ్మంలోంచి ఎనిడ్ కేక వేసింది. "మా అమ్మ ఇచ్చిన కప్పుతో సహా ఎక్కేసింది! ఆ సెట్టులో ఇప్పటికీ ఒక కప్పు తక్కువే!"

"టికెట్టు కొన్నది మా నాన్నగారు," అన్నాడు మేజర్ కళ్ళు ఒత్తుకుంటూ.

సంఘం మళ్ళీ సమావేశమైంది. గురువారం బస్సు కూడా గ్రామ వారసత్వమేనని, అది ఆగకపోతే చరిత్రకు ద్రోహమని జిల్లావారికి రాసింది. స్టాపు తిరిగొచ్చింది.

తరువాతి గురువారం మేజరే గేటు తాళం తీశాడు. హిల్డా కేకు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద హాయిగా కూర్చుంది. పక్కన పోటీ పరిశీలకులకు మేజర్ వివరిస్తున్నాడు. "సరిగ్గా ఇక్కడేనండీ, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని..."

"ఆకుపచ్చేమిటి!" హిల్డా చివాలున లేచింది. "నీలం! తెలియకపోతే ఊరుకోండి గానీ, చరిత్రతో ఆటలా?"

బస్సెక్కి, ఊరు దాటి, మలుపు తిరిగినా ఆమె కోపం చల్లారలేదు.