మోటారు సైకిలు ముందు ఉరికే ఉద్యోగం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ప్రజలకు 1949లో కలిగిన మహాభాగ్యం ఏమంటే, ఆ చుట్టుపక్కల ఒక ఠాణాకు సర్కారు వారు మోటారు సైకిలు మంజూరు చేశారు. ఏ ఠాణాకో చెప్పను. చెబితే పక్క ఠాణా వాళ్లు ఏడుస్తారు.

బండి వచ్చింది కనుక దాన్ని నడిపే జవాను కావాలని ప్రకటన వేశారు. అభ్యర్థి మంచి కుటుంబంలో పుట్టి ఉండాలి, మీసం ఉండాలి, పెద్దమనిషి దగ్గర చీటీ తేవాలి. మోటారు సైకిలు నడపడం రావాలని మాత్రం రాయలేదు. అంత చిన్న విషయాలు ప్రకటనకు ఎక్కించడం సర్కారు హోదాకు తగదు.

వేములపల్లి యాకోబుకు ఆ చిన్న విషయం ఒక్కటే వచ్చు. యుద్ధంలో నాలుగేళ్లు బర్మా అడవుల్లో మోటారు సైకిలు మీద సైన్యం ఉత్తరాలు మోశాడు. ఇంటికొచ్చి కూలికి పోతున్నా, కొడవలి పట్టిన కుడిచేయి మణికట్టు, బండి వేగం పెంచుతున్నట్టు దానంతటదే మెలితిరిగేది. తల్లి ఏసమ్మ అది చూసి ఊరుకోలేకపోయింది. "పో బిడ్డా, అడిగి సూడు. అడిగితే పోయేదేముంది?" అని తనే పంపింది.

ఠాణాకు పెద్ద అయిన అమీన్ సాబ్ అడిగిన మొదటి ప్రశ్న: "మీ తాత ఏం జేసేటోడు?"

"ఆఫీసర్లొస్తే సవారి బండి ముంగట ఉరికేటోడు సారూ, జరుగుండ్రి జరుగుండ్రి అనుకుంట."

"ముందే జెప్పవేందిరా! తాతల కాడికెల్లి అనుభవం ఉన్నది గద నీకు!"

సీటు మా ఊరి దొరగారి మేనల్లుడు ముకుందరావుకు దక్కింది. సీటు ముందున్న రోడ్డు యాకోబుకు దక్కింది.

తెలియనివారికి ఒక మాట. అధికారి బండి ముందు ఒక మనిషి పరుగెత్తడం మా వైపు ఆచారం. దాన్ని వెట్టి అనేవారు. వెట్టి రద్దయిందని కాగితం వచ్చింది కాబట్టి ఇప్పుడు 'స్వచ్ఛంద మార్గదర్శనం' అంటున్నారు. ఎడ్లు పోయి ఇంజను వచ్చినంత మాత్రాన మర్యాద తప్పుతామా? మనిషిని దాటి బండి పోతే అధికారి పరువు పోతుంది. అందుచేత గంటకు యాభై మైళ్లు పోగల యంత్రం యాకోబు ఆయాసాన్ని బట్టి నడిచేది. అంత నెమ్మదిగా పోతే ముకుందరావుగారు పడిపోతారు కనుక ఇద్దరు జవాన్లు చెరో పక్క పట్టుకునేవారు. ఎడ్లబండ్ల వాళ్లు గౌరవంగా పక్కకు తప్పుకొని, కాసేపు చూసి, పొద్దుపోతున్నదని దాటిపోయేవారు. ఇది చూసి దొంగలు నవ్వారని గిట్టనివారు పుకారు పుట్టించారు. నవ్వడానికి వాళ్లకు తీరిక ఎక్కడిది?

"ఆర్నెల్లు గిట్ల ఉరికితే, ఒక్కసారన్న నన్ను నడపనిస్తరా సారూ?" అని యాకోబు అడిగాడు. "సూద్దాం" అన్నారు అమీన్ సాబ్. పాపం, ఆ మాట నమ్మి అతను తొమ్మిది నెలలు ఉరికాడు.

ఒకనాడు మధ్యాహ్నం, సర్కారుకు కొలవాల్సిన లెవీ బియ్యంతో ఒక దొంగ లారీ కోదాడ మీదుగా రాష్ట్ర సరిహద్దు దాటబోతున్నదని కబురొచ్చింది. ముకుందరావు ఎక్కారు, జవాన్లు పట్టుకున్నారు, యాకోబు ఉరికాడు. రెండు ఫర్లాంగులు పోయేసరికి లారీ లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది. యాకోబు ఆగి వెనక్కి తిరిగాడు.

"సారూ, జర ఎనక్కి జరుగుండ్రి."

జరగమనే మాట ముకుందరావు పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఆ ఆశ్చర్యంలో జరిగారు.

పన్నెండు మైళ్లు. యాకోబు దారి పొడుగునా పాడుకుంటూ పోయాడని చూసినవాళ్లు చెప్పారు. నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. కోదాడ ఇవతలే లారీ దొరికింది. బియ్యం ఎవరివని అడగకండి. దొరగారు కూడా అడగలేదు.

ఊరంతా గగ్గోలెత్తింది. బియ్యం గురించి కాదు. "యాకోబుగాడు ముంగట గూసున్నడంట! దొర మేనల్లుడు ఎనక, ఆని నడుము పట్టుకొని! ఇగ ఊరు ఉంటదా?" అని చాయ్ హోటలు దుర్గయ్య గ్లాసులు కడగడం మానేసి మరీ బాధపడ్డాడు. దుర్గయ్య తండ్రి కూడా బండి ముందు ఉరికినవాడే.

మరునాటికి యాకోబు మీద ఊరి అర్జీ సిద్ధం. ఠాణాలో మోటారు సైకిలును కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, గొలుసుతో కట్టేశారు. యాకోబును పనిలోంచి తీసేశారు.

"లారీ దొరికింది గద సారూ?" అన్నాడతను.

"దొరికింది. మేం గాదన్నమా? నువ్వు ఉరికి పట్టుకోవాల్సింది" అన్నారు అమీన్ సాబ్.

అర్జీ మీద రెండు వందల సంతకాలున్నాయి. దొరగారిది లేదు. ఆయనకు ఆ శ్రమ ఇవ్వలేదు మనం. పైనుంచి మూడో సంతకం నాది. నాలుగోది ఎవరిదని అంత పరీక్షగా చూస్తారేం? మీ సంతకం మీరే గుర్తుపట్టలేరా?