ఇల్లు కదలొద్దని చాటిన పర్యటన

ఒక పెద్ద అడవిలో, అదీ అన్నీ రూలు ప్రకారం నడిచే అడవిలో, తూర్పు లోయ జింకలకి దగ్గు పట్టుకుంది. పట్టిన నాలుగో రోజుకి లేచి నిలబడలేనంత పాడు దగ్గు.

మృగరాజు సభ పెట్టాడు. ఆరోగ్య మంత్రి నక్క గవరయ్య నేలమీద తోకతో ఒక గుండ్రం గీశాడు.

"లోయ చుట్టూ ఇంత మేర కంచె వేసేద్దాం ప్రభూ. దగ్గరున్నవాళ్ళకే గదా ముందు అంటుకునేది!"

సభంతా తలూపింది. కంచె లేచేలోపే కుందేళ్ళు గెంతేశాయి, కోతులు కొమ్మలు పట్టుకుని జారుకున్నాయి. చివరికి మంచం పట్టిన జింకలు కాక లోపల మిగిలింది ఓ పొదలో ఉండే తాబేలు ఆదెమ్మ ఒక్కతే.

పాపం, ఆవిడకవి గుడ్లు పెట్టే రోజులు. ఏటి ఇసుకేమో కంచెకి అవతలుంది. వారంలోగా అక్కడికి చేరకపోతే ఆ ఏడు పిల్లలు లేనట్టే.

"నాయనా, నిరుడు నించీ నేనీ పొద దాటలేదు. నన్నొదిలెయ్యరా," అని కాపలా అడవిపందిని బతిమాలింది.

"రూలు ఒప్పుకోదత్తా. రోగానికి నువ్వే అందరికన్నా దగ్గర."

"దూరం కొలుస్తావేంట్రా, తిరుగుళ్ళు చూడు! అందరూ నాకడానికి చేరే ఉప్పు నేలకి రోజూ పోయొచ్చే కోతులేవి? దూకిపోయిన కుందేళ్ళేవి? రోగం తిరిగేవాళ్ళ వీపెక్కి పోతుంది గానీ నాలాంటిదాని వీపెక్కి ఎక్కడికి పోతుంది?"

పంది ఈ మాట పైకి చేరవేసింది. గవరయ్య పడీపడీ నవ్వాడు. "ప్రయాణాల సంగతి తాబేలు చెబితే మేం వినాలా!"

ఆ నవ్వుతోనే పర్యటనకి బయల్దేరాడు. ముందు లోయలో జింకల్ని పరామర్శించాడు. ఆ తర్వాత, ఎవరూ ఇల్లు కదలొద్దని చాటడానికి పరివారంతో అడవంతా తిరిగాడు. పెద్దలొస్తే మూతికి మూతి ఆనించడం ఆ అడవి మర్యాద. మంత్రిగారు మర్యాద తప్పరు. జింకలకి ఆనించిన మూతే కంచె దగ్గర పందికి, ఉప్పు నేల దగ్గర కోతులకి, పడమటి కొండమీద ఎలుగులకి ఆనించారు. తిరిగొచ్చి రాజుగారిక్కూడా.

వారం తిరక్కుండా పడమటి కొండ దగ్గింది. లోయకి అదే అన్నిటికన్నా దూరం. కంచెకి బయట, పక్కనే ఉన్న వెదురుపొదలో మాత్రం ఎవరూ దగ్గలేదు. అక్కడ సభకి చోటు చాలదని మంత్రిగారు వెళ్ళలేదు మరి.

రాజుగారు గర్జిద్దామని నోరు తెరిస్తే దగ్గే వచ్చింది.

కాపలా పంది కూడా దగ్గుతూ ఇంటికెళ్ళి పడుకుంది. ముళ్ళకంచె ఆదెమ్మ డిప్పనేం చేస్తుంది? ఇన్నాళ్ళూ ఆవిడని ఆపింది రూలే. మెల్లగా పాక్కుంటూ పోయి, గడువు ముగిసే రోజుకి ఇసుక చేరి గుడ్లు పెట్టింది. అది విన్నాక గానీ నా మనసు కుదుటపడలేదు.

తర్వాత విచారణ జరిగింది. నిషేధం రోజుల్లో అనుమతి లేకుండా ప్రయాణించింది అడవి మొత్తానికి ఒక్కరేనని తేలింది. ఆదెమ్మకి నోటీసు వెళ్ళింది.

నీతి: రోగం వస్తే ముందు కదల్లేనివాళ్ళని కట్టెయ్యాలి. కదిలేవాళ్ళు పర్యటనలో ఉంటారు, దొరకరు.