అలుగు పెంచలయ్య ఐపీ పెట్టిన కథ

ఒక పెద్ద అడవిలో అప్పు లేనివాడు ఒక్కడూ లేడు. అప్పుందని ఒప్పుకునేవాడు కూడా ఒక్కడూ లేడు. వాగు దగ్గర కలిస్తే వానల గురించి మాట్లాడుకునేవారు, పిల్లల అల్లరి గురించి మాట్లాడుకునేవారు, ఆ ఒక్క ఊసు మాత్రం ఎత్తేవారు కాదు.

ఈ అప్పులన్నీ ఇచ్చిన మహానుభావుడు దయానిధి అనే దుమ్ములగొండి. ఆ అడవిలో చెలామణి అయ్యేది ఎండబెట్టిన ఇప్పపువ్వు. దాన్ని బుట్టలతో అప్పిచ్చి దోసిళ్ళతో వడ్డీ పట్టుకునేవాడు. ఆయన గుహకి రెండు దారులుండేవి. ముందు దారిలో గడ్డి మొలిచిపోయింది. వెనక దారి మాత్రం నున్నగా అరిగిపోయింది. వచ్చిన ప్రతివాడి చెవిలోనూ దయానిధి ఒకే మాట చెప్పేవాడు.

"నీ ముఖం చూసి నీకొక్కడికే తగ్గించి ఇస్తున్నాను. ఎవరితోనూ అనకు. తెలిస్తే అందరూ నా మీద పడతారు."

ప్రతివాడూ పొంగిపోయి, ఆ రహస్యం కడుపులో దాచుకుని ఇంటికి పోయేవాడు.

అలా పోయినవాళ్ళలో పెంచలయ్య ఒకడు. అతనో అలుగు. ఒళ్ళంతా పెంకులు, ముందుకాళ్ళకి పారల్లాంటి గోళ్ళు. బొరియలు తవ్వే మేస్త్రీ. పనిలో దిట్టే గానీ మహా మొహమాటస్తుడు. ఎవరైనా కాస్త గట్టిగా "ఏం పెంచలయ్యా" అంటే చాలు, బంతిలా చుట్టుకుపోయేవాడు. అవతలివాడు విసుగెత్తి వెళ్ళిపోయాక విప్పుకునేవాడు.

నిరుడు అడవి సభవాళ్ళు తమ ఇప్పపువ్వు దాచుకోవడానికి ఒక నేలమాళిగ తవ్వించుకున్నారు. పని పెంచలయ్యకిచ్చారు. అతను ఎలుకల్ని కూలికి పెట్టుకుని, చుక్క నీరు దిగకుండా చక్కగా తవ్వి అప్పజెప్పాడు. బిల్లడిగితే "పరిశీలనలో ఉంది" అన్నారు. మళ్ళీ అడిగితే "సంతకానికెళ్ళింది" అన్నారు. సంతకం పెట్టాల్సిన సింహం గారేమో భోజనం తర్వాత నిద్రలో ఉంటారు, భోజనానికి ముందు కోపంలో ఉంటారు.

కూలి ఎలుకలు ఊరుకుంటాయా? ఇంటి ముందు కూర్చుని గుమ్మం కొరకడం మొదలెట్టాయి. పెంచలయ్య వెనక దారిన వెళ్ళి దయానిధి దగ్గర పది బుట్టలు తెచ్చి కూలీల నోళ్ళు మూయించాడు. ఆనాటి నుంచి సంపాదించిందంతా వడ్డీకే సరిపోతోంది. అసలు అక్కడే కూర్చుంది. చివరికి దయానిధి వచ్చి, బొరియ గుమ్మం కొలుచుకుంటూ, "వానలు పడేలోగా తీర్చెయ్యి నాయనా. లేకపోతే ఇందులో మా మేనల్లుడు కాపురం పెడతాడు" అని ఎంతో ఆప్యాయంగా చెప్పి వెళ్ళాడు.

పెంచలయ్య చుట్టుకుపోయాడు. ఈసారి విప్పుకోలేదు.

పెళ్ళాం చెంచమ్మ, తోక మీద పసిదాన్ని ఎక్కించుకుని, ఆ బంతి చుట్టూ రెండు సార్లు తిరిగింది.

"ఏమయ్యా, ఇట్టా ఎంతసేపు? వాన పడితే బిడ్డని ఏడ పెట్టుకునేది? పోయి ఐపీ పెట్టరాదూ?"

"పరువు పోతుందే," అంది బంతి లోపల్నుంచి.

"బొరియ పోయినాక పరువుని ఏ చెట్టు కింద పడుకోబెడతావు?"

నిజానికి ఐపీ పెట్టడానికి, అంటే అప్పు తీర్చలేనని దివాలా అర్జీ ఇచ్చుకోవడానికి, ఆ అడవిలో ఒక కచేరీ ఉంది. పక్క అడవిలో ఉందని తెలిసి సభవాళ్ళు దీన్నీ తెరిచారు. దయానిధి కూడా సభలో సభ్యుడే. తెరిచిన రోజున లేచి, "చాలా మంచి పని. కానీ అప్పు ఎగ్గొట్టేవాడికి భయం ఉండాలి కదా? ఐపీ పెట్టేవాడు సభాబండ ఎక్కి, ఎవరికి బాకీ, ఎంత, ఏం వడ్డీ, అన్నీ అడవి మొత్తానికి వినబడేలా చెప్పాలని నియమం పెడదాం" అన్నాడు. అందరూ బల్లలు చరిచారు. అలా చరిచినవాళ్ళలో సగం మంది ఆయనకి బాకీ ఉన్నవాళ్ళే.

అంతటితో ఊరుకున్నాడా? వాగు దగ్గర పుకార్లు కూడా వదిలాడు. ఐపీ పెడితే తోక కోస్తారట. కొమ్ములుంటే పీకుతారట. పిల్లలకి సంబంధాలు రావట. ఆ పుణ్యమా అని కచేరీ గుమ్మం ఇంతవరకూ ఎవరూ తొక్కలేదు.

చెంచమ్మ మర్నాడు మొగుణ్ణి బంతిగానే దొర్లించుకుంటూ అక్కడికి తీసుకుపోయింది.

కచేరీ అధికారి ఒక ముసలి తాబేలు, పేరు నిదానప్ప. అర్జీదారు ముఖమే చూసి ఎరగడు పాపం, తల బయటికి పెట్టడానికే కాస్త సమయం పట్టింది.

"అడగండి. ఏ అనుమానమున్నా తీర్చుకోండి. నాకు మరో పనేం లేదు," అన్నాడు.

బంతి కొంచెం సడలింది. పెంచలయ్య ముక్కు బయటికొచ్చింది.

"అయ్యా, నా గోళ్ళు కత్తిరించేస్తారంట గదా?"

"గోళ్ళు నీ పనిముట్లు. పనిముట్లు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నువ్వేం చేసి బతుకుతావు?"

"బొరియ?"

"పడుకునే చోటు నీదే. ఇంకేమైనా ఉంటే, వేసవి విడిది లాంటిది, అది పోతుంది."

"ఉన్న ఒక్కదానికే దిక్కు లేదు సామీ. మా ఆడదానికి వాళ్ళమ్మ ఇచ్చిన చెదపుట్ట ఒకటుంది మరి."

"అది ఆమెది. అప్పు నీది. ఆ పుట్ట జోలికి ఎవరూ రారు."

చెంచమ్మ ముఖం వికసించింది. పెంచలయ్య తల పూర్తిగా బయటికొచ్చింది. గొంతు తగ్గించి అడిగాడు.

"మా బావమరిదికి కూడా కొంత ఇయ్యాల. అదొక్కటీ చెప్పకుండా ఉంటే? ఇంట్లో గొడవలెందుకని."

"బావమరిది కచేరీకి అందరితో సమానమే. ఒకరిని దాచావంటే మొత్తం కొట్టేస్తాను."

"ఆయనది నేను చూసుకుంటాలే," అంది చెంచమ్మ.

"ఇంకొక్క మాట సామీ. ఇదంతా అయ్యాక నాకు మళ్ళీ ఎవరైనా అప్పిస్తారా?"

నిదానప్ప నిట్టూర్చాడు. "ఇస్తారు నాయనా. నా భయం అదే."

మిగిలింది సభాబండ. దాని గురించి తాబేలు కూడా ఏమీ చేయలేనన్నాడు. నియమం నియమమే.

వడ్రంగిపిట్ట బోలు మాను మీద దండోరా వేసింది. అడవిలో మొట్టమొదటి ఐపీ. వినోదానికి మొహం వాచి ఉన్న జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. సింహం గారు కూడా వచ్చి, వచ్చీ రాగానే కునుకు తీశారు. దయానిధి ముందు వరసలో కూర్చున్నాడు. పది బుట్టలు పోయినా పర్వాలేదు, వీడి అవస్థ చూస్తే మిగతావాళ్ళు జన్మలో ఇటు రారని ఆయన లెక్క.

పెంచలయ్య బండ ఎక్కాడు. అంతమంది కళ్ళు ఒక్కసారి చూసేసరికి చటుక్కున చుట్టుకుపోయాడు. చుట్టుకునే ఏదో గొణిగాడు.

"వినబళ్ళా," అని వెనక నుంచి అడవిపంది అరిచింది.

జనం నవ్వారు. దయానిధి అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకి చెంచమ్మ తోక మీది పసిది బెదిరి ఏడుపందుకుంది. పెంచలయ్య చెవిన ఆ ఏడుపు పడింది. తండ్రి కదా, ఆగలేకపోయాడు. విప్పుకుని లేచి నిలబడ్డాడు. వెనక వరసకి కూడా వినబడేలా మొదలెట్టాడు.

"మా బావమరిదికి ఒక బుట్ట బాకీ, వడ్డీ లేదు. దయానిధి గారికి పది బుట్టలు బాకీ. బుట్టకి వారానికి నాలుగు దోసిళ్ళు వడ్డీ. నా ముఖం చూసి నాకొక్కడికే తగ్గించి ఇచ్చారు. ఎవరితోనూ అనొద్దన్నారు గానీ, నియమం కదా, చెప్పక తప్పడంలా."

నవ్వు ఆగిపోయింది.

"నాలుగా?" అని నెమలి మెడ సాచింది. "నా దగ్గర ఆరు తీసుకుంటున్నాడే. నాకొక్కదానికే తగ్గించానని చెప్పి మరీ."

"మీకు ఆరేనా వదినా?" అంది దుప్పి. "మాకు ఏడు."

"నాకు మూడే," అంది అడవిపంది గర్వంగా. అందరూ దాని వైపు తిరిగేసరికి ఎందుకు చెప్పానా అనుకుంది.

ఇక చూడాలి. నాకింత అంటే నాకింత అని, ఇన్నాళ్ళూ నోరు విప్పనివాళ్ళంతా పోటీలు పడి చెప్పుకున్నారు. చెప్పుకున్న కొద్దీ వాళ్ళ ముఖాలు తేలికపడ్డాయి. పక్కవాడికీ ఉందని తెలిస్తే అప్పు సగం తీరినంత హాయిగా ఉంటుంది మరి. పెంచలయ్యని పట్టించుకునే నాథుడే లేడు. పోతుందనుకున్న పరువు ఎక్కడ పోయిందో అతనికే అర్థం కాలేదు.

ఆ వారంలో కచేరీ ముందు వరస వాగు దాకా పెరిగింది. నిదానప్ప జీవితంలో మొదటిసారి తొందరపడ్డాడు. బండ ఎక్కి దిగినవాళ్ళంతా, తిరునాళ్ళకి వెళ్ళొచ్చినట్టు నవ్వుకుంటూ ఇళ్ళకి పోయారు. వడ్డీ రావడం నిలిచిపోయింది. దయానిధి గుహకి వెనక దారిలో కూడా గడ్డి మొలిచింది.

చివరికి ఆయనే ఒక మధ్యాహ్నం కచేరీకి వచ్చాడు.

"అధికారి గారూ, నేను కూడా పైనుంచి తెచ్చే తిప్పాను. వాళ్ళిప్పుడు పీకల మీద కూర్చున్నారు. ఐపీ పెడతాను గానీ, బండ ఎక్కడం కుదరదు. నా హోదా చూసి ఇక్కడే చెవిలో చెప్పించుకోండి."

"మీరు పెట్టించిన నియమమే కదండీ," అన్నాడు నిదానప్ప.

మళ్ళీ దండోరా పడింది. సింహం గారు ఈసారీ వచ్చి కునుకు తీశారు. పెంచలయ్య, చెంచమ్మ బిడ్డతో సహా ముందు వరసలో చోటు సంపాదించుకున్నారు. దయానిధి బండ ఎక్కి, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"అడవి సభ గాదెకి రెండొందల బుట్టలు బాకీ. వడ్డీ వారానికి బుట్టకి అర దోసెడు. సింహం గారు నా ముఖం చూసి ఇచ్చారు. బిల్లుల కోసం ఉంచిన పువ్వేలే, ఇప్పట్లో ఎవరికీ చెల్లించేది లేదు, తిప్పుకోమన్నారు."

చెంచమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, అంటే నీ బిల్లు పువ్వే నీకు వడ్డీకి ఇచ్చినాడా?"

"అట్టానే ఉండాదే," అన్నాడు పెంచలయ్య. చుట్టుకుపోవలసిన సమయమే అది. కానీ అతనికి నవ్వొచ్చింది. పెంకులన్నీ గలగలలాడేలా నవ్వాడు. నవ్వి లేచి, అడవి మొత్తానికి వినబడేలా, "సింహం గారూ, నా బిల్లు ఎప్పుడిస్తారండీ?" అని అడిగాడు. అతని వెనకే నెమలి అడిగింది, దుప్పి అడిగింది, గుమ్మాలు కొరికే ఎలుకలన్నీ అడిగాయి.

సింహం గారికి నిద్ర పూర్తిగా వదిలిపోయింది. ఆ సాయంత్రమే పెంచలయ్య బిల్లు మీద సంతకం పడింది. ఆ చేత్తోనే ఇంకో ఉత్తర్వు మీద కూడా పడింది: సభ్యుల గౌరవం దృష్ట్యా, ఇకమీదట ఐపీ పెట్టేవారెవరూ బండ ఎక్కి మాట్లాడరాదు.

నీతి: పరువు పోతుందని నోరు మూసుకునేవాళ్ళున్నంతకాలం, వాళ్ళ సొమ్మే వాళ్ళకి అప్పుగా దొరుకుతూ ఉంటుంది.