మరుగుదొడ్డి గోడమీద పద్నాలుగో తేదీ

పద్నాలుగో తేదీ పొద్దున వీబ్రెన్ ఆరు క్యారెట్లు చెక్కుతీసి బల్లమీద వరసగా పేర్చాడు. పడవలకు దారివ్వడానికి నలభై ఏళ్లు కాలువమీద వంతెన ఎత్తి దించిన మనిషి. వేళ పెట్టుకుంటే ఏదైనా చేయగలనని నమ్మకం. ఒంట్లో చక్కెర పెరిగిందని డాక్టరు భయపెట్టాక నర్సు ఒక ఉపాయం చెప్పింది. తీపిమీదికి మనసు ఎప్పుడు లాగుతుందో, అప్పుడేం చేస్తారో ముందే రాసుకోమంది. వీబ్రెన్ రెండు నియమాలు రాసుకున్నాడు. మూడింటికి కాఫీతో కేకు తినాలనిపిస్తే క్యారెట్ కొరకాలి. ఎవరైనా కేకు పెడితే, వద్దు, నాకు క్యారెట్ ఉంది అనాలి. రెండోది దండగ. భార్య త్యిట్స్కే పోయిన ఈ రెండేళ్లలో అతనికి కేకు పెట్టినవాళ్లు లేరు.

మొదలుపెట్టే రోజు మరిచిపోకూడదని వారం ముందే పద్నాలుగు పక్కన ఎర్ర సిరాతో తన పేరు రాశాడు. రాసింది మరుగుదొడ్డి గోడమీది క్యాలెండరులో. ఆ ఊళ్లో ఎవరింట్లోనైనా ఆ గోడకుండేది పుట్టినరోజుల క్యాలెండరే. అందులో చుట్టపక్కాల పేర్లు రాసుకుంటారు గానీ సొంత పేరు ఎవరూ రాసుకోరు.

ఆ వారంలోనే కింది ఇంటి ఆల్త్యే నిచ్చెన తిరిగివ్వడానికి వచ్చి, ఒక్క నిమిషమంటూ మరుగుదొడ్డిలోకి వెళ్లింది. బయటికొచ్చేసరికి ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. వీబ్రెన్ జలుబనుకున్నాడు. గుర్తుచేసే దిక్కులేక పాపం తన పుట్టినరోజు తానే రాసుకున్నాడని, మెట్లు దిగేలోపు ఆమె మూడిళ్లలో చెప్పింది.

పద్నాలుగున సరిగ్గా మూడింటికి తలుపు గంట మోగింది. పదకొండు మంది పూలతో దిగారు. ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం అతనికీ, అతని ఇరుగుపొరుగైనందుకు ఒకరికొకరూ అభినందనలు చెప్పుకుని, కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. పుట్టినరోజు మనిషే కేకు పెట్టాలి. అందరూ బల్లవైపు చూశారు.

వీబ్రెన్ నిజం చెప్పబోయాడు. అసలు పుట్టినరోజు పోయిన నెలలోనే అయిపోయింది. ఎనిమిది మందికి సరిపడా కేకు తెచ్చి మూడింటినుంచి తలుపువైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. రెండ్రోజుల్లో మొత్తం ఒక్కడే తిన్నాడు. డాక్టరుకు కనబడ్డ చక్కెరలో దాని వాటా తక్కువేం కాదు.

"అసలు ఇవాళ..." అన్నాడు.

"ఇవాళ నువ్వేం చెయ్యక్కర్లేదులే, యాపిల్ కేకు నేనే తెచ్చా," అంది ఆల్త్యే. "రెండేళ్లుగా పైన నీ అడుగుల చప్పుడు వింటూనే ఉన్నాం వీబ్రెన్. ఒక్కనాడూ మెట్లెక్కలేదు. మాకే సిగ్గుగా ఉంది."

ఇక నిజం గొంతు దాటలేదు. రెండో నియమం మాత్రం దాటింది.

"వద్దు, నాకు క్యారెట్ ఉంది."

అందరూ నవ్వి, మర్యాదకి తలో సగం క్యారెట్ నమిలేశారు. బల్ల ఖాళీ అయ్యింది. మూడో నియమమంటూ లేదు కాబట్టి వీబ్రెన్ పళ్లెం అందుకున్నాడు. ఒక కేకు, పన్నెండు మంది. అతనికొచ్చింది రెండువేళ్ల వెడల్పు ముక్క. వంతెన కబుర్లు చెబుతూ అందులోనూ సగం తినడం మరిచిపోయాడు. ఎన్నేళ్లొచ్చాయని ఎవరో అడిగితే డెబ్బై అన్నాడు. అది అబద్ధం కాదు.

అందరూ వెళ్లాక ఇల్లు మునుపటికంటే ఖాళీగా తోచింది. వీబ్రెన్ ఎర్ర కలం తీసుకుని మరుగుదొడ్డిలోకి వెళ్లి, పై నెల పద్నాలుగు పక్కన పిల్లి పుట్టినరోజు అని రాశాడు. అతనికి పిల్లి లేదు.