పేలుడు పొలుసులు

జగ్గయ్యపేట కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఉమాకాంతం ఆ ఉదయం వేసుకున్న ప్లాను చిన్నదే. నందిగామ బస్సెక్కాలి, చుట్టాలింటి పెళ్ళికి వచ్చిన తన గురువు జగన్నాథరావుగారికి ఒక ఇనుప పలక చూపించాలి, సాయంత్రానికి ఇంటికి చేరాలి.

ఆ పలక కోసం ఉమాకాంతం ఏళ్ళ తరబడి పెరట్లో ఒక గొట్టంలో గ్యాసు నింపి పేలుస్తున్నాడు. మెల్లగా కాలే మంటతో కాక, ధ్వనిని మించి దూసుకుపోయే పేలుడుతో నడిచే ఇంజను ఏనాటికైనా వస్తుందని ఆయన నమ్మకం. గొట్టంలో ఆ పేలుడు ఎలా పరుగెత్తిందో కొలిచే యంత్రాలు కొనే స్తోమత లేదు. అందుకని పలకకు దీపపు మసి పట్టించి లోపల పెట్టేవాడు. పేలుడు ఆ మసి మీద చేప పొలుసుల్లాంటి గీతలు గీసి పోయేది. పొలుసు వెడల్పే కొలత. ఎన్నో పలకలు పాడయ్యాక మొన్న ఒక్కటి కుదిరింది. వేలు తగిలినా చెరిగే మసి కాబట్టి చెక్కపెట్టెలో పెట్టి, బస్సులో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు.

"పెట్టె కింద పెట్టుకోవచ్చుగా బాబూ," అంది పక్కసీట్లో పున్నమ్మ.

"కుదుపు తగలకూడదండీ. ఇందులో పేలుడు గుర్తులున్నాయి."

'గుర్తులు' లారీ హారన్లో కలిసిపోయాయి. 'పేలుడు' మాత్రం డ్రైవరు దాకా వెళ్ళింది. బస్సు తిన్నగా నందిగామ పోలీస్ స్టేషన్ ముందు ఆగింది.

హెడ్డు కానిస్టేబులు వెంకటరత్నం పెట్టె తెరిచి చూశాడు. "ఇది మసేగా?"

"మసేనండి. కాకపోతే పేలుడు మసి."

ఆ రెండో మాట అనకపోతే అక్కడితో పోయేది. "ఎవరో గురువుగారికి చూపించాలంటున్నారుగా, ఆయనే చెప్తే వదిలేస్తా, పదండి," అంటూ వెంకటరత్నం ఆయన వెంట బయల్దేరాడు.

పెళ్ళింట్లో పోలీసును చూడగానే మగపెళ్ళివారు లేచి నిలబడ్డారు. పెళ్ళికూతురి తల్లి దుర్గాంబ కంగారుగా ఎదురొచ్చి, "మా జగన్నాథరావు అన్నయ్యగారి శిష్యుడేనండీ, మనవాడే," అని వాళ్ళకు సర్దిచెప్పి, ఉమాకాంతం చేతిలోని పెట్టె అందుకుని మూత తీసింది.

"ఇదేంటండీ, ఇంత మసిగా ఉంది?"

"ఆ మసే ముఖ్యమండీ. కాస్త జాగ్రత్తగా చూడండి," అన్నాడాయన. సన్నాయి మోతలో ఆవిడకు చివరి మాటే వినపడింది. జాగ్రత్తగానే చూసింది. కాఫీలయ్యేసరికి పలక మీద లడ్లు పెట్టుకుని వచ్చింది.

"చింతపండేసి తోమించానండీ. ఎన్నాళ్ళ మసో, పాపం."

పలక తళతళలాడుతోంది. ఫోటో అయినా తీయించలేదే అనుకున్నాడు ఉమాకాంతం. గురువుగారు చూశాక తీయిద్దామని ఆగాడు.

ఇంతలో నల్లకళ్ళద్దాలతో జగన్నాథరావుగారు గోడ పట్టుకుంటూ వచ్చి, వెంకటరత్నం భుజం తట్టారు. "ఒళ్ళు చేశావయ్యా ఉమాకాంతం."

"నేనిక్కడున్నానండీ," అన్నాడు ఉమాకాంతం. వెంట్రుకవాసి తేడా వచ్చినా ప్రయోగం మళ్ళీ చేయించిన మనిషి ఆయన. చూపు ఇంతగా పోయిందని ఎవరూ చెప్పలేదు. తాను వచ్చి కనుక్కోనూ లేదు.

"ఏదీ, నీ పలక?"

లడ్లు తీసి పక్కన పెట్టి పలక చేతికిచ్చాడు. నిజం నోటిదాకా వచ్చింది. గురువుగారు అప్పటికే దాన్ని మొహానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, వెలుతురుకు తిప్పుతున్నారు.

"పొలుసు వెడల్పెంత?"

"అరంగుళమండి."

"అవును, అంతే ఉంది. చక్కగా వచ్చాయయ్యా," అన్నారాయన. ఆ గొంతులో సంతోషం విని ఉమాకాంతం తలవంచుకున్నాడు.

వెంకటరత్నం ఏదో అనబోయి, ఉమాకాంతం మొహం చూసి, ఒక లడ్డూ నోట్లో పెట్టుకున్నాడు.

కొలత అలా ధ్రువపడింది.