ప్రతి భాగమూ రెండుసార్లు వినిపిస్తారు

తెల్లవారేసరికి ఆకాశం నిండా మబ్బు. కురిసే మబ్బు కాదు. పని లేక వచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని, ఎవరూ పలకరించకపోతే లేచిపోయే చుట్టంలాంటి మబ్బు. మైకాయన గుమ్మంలో నిలబడి దాన్ని చాలాసేపు చూశాడు. వాన పడేట్టుంటే వైర్ల అతుకులకు గుడ్డ చుట్టాలి. చుట్టక్కర్లేదని తేల్చుకుని లోపలికి వచ్చాడు.

ఆయనకు పేరు లేకపోలేదు. పెళ్లిపత్రికలో అచ్చయింది. ఆ తర్వాత దానితో ఎవరికీ అవసరం పడలేదు. సభ జరిగినా, పెళ్లి జరిగినా, ఎవరి పిల్లాడు తప్పిపోయినా మైకుసెట్టు ఆయనదే గనక అందరికీ మైకాయనే.

ఆ రోజు సెట్టు కట్టాల్సింది వీధి చివరి బడిలో. యూనివర్సిటీ ప్రవేశానికి ఇంగ్లీషు పరీక్ష. మొదట వినే భాగం. రికార్డు వినిపిస్తారు, పిల్లలు విని సరైన జవాబుకు టిక్కు పెట్టాలి. తర్వాత గ్రామరు, ఆ తర్వాత మాటలకు అర్థాలు. బడి స్పీకరు ముందురోజు సాయంత్రం ఒక్క మూలుగు మూలిగి కన్నుమూసింది. హెడ్మాస్టరు పరుగున వచ్చి మైకాయన చేతులు పట్టుకున్నాడు.

పట్టుకోకపోయినా వెళ్లేవాడే. ఆ హాల్లో పరీక్ష రాస్తున్నవాళ్లలో ఆయన కూతురు కూడా ఉంది. పోయిన ఏడాది వేరే చోట రాసింది. అక్కడి స్పీకరు బరబరలాడి సగం మాటలు మింగేసింది. మిగిలిన సగంతో సీటు రాలేదు. రెండుసార్లకు మించి రాయనివ్వరు. ఇదే ఆఖరు. స్పీకరు మింగిన సగాన్ని తలుచుకుని మైకాయన ఏడాది పొడుగునా అది తన తప్పే అయినట్టు కుమిలిపోయాడు.

"నాన్నా, ఒక్క బాక్సు చాలు. హాలు చిన్నదే," అంది కూతురు పెన్సిలు చెక్కుకుంటూ.

"నాకు చెప్తున్నావా మైకు సంగతి?"

"నీకే చెప్తున్నా. విన్నావా?"

"విన్నాలే."

వంటింట్లోంచి భార్య అందుకుంది. "ఆయన సగమే వింటాడే. ఆ సగాన్నే ఊరంతా వినిపిస్తాడు. సభ వాయిదా పడిందని చెప్పమంటే సభ అనేదాకా చెప్పి ఊరుకున్న మనిషి. పాపం, జనం వచ్చి పొద్దుగూకేదాకా కూర్చున్నారు."

"కరెంటు పోయిందే అప్పుడు."

"నీకెప్పుడూ ఏదో ఒకటి పోతుందిలే. ఇవాళ దాని సీటు పోకుండా చూడు."

బడికి వెళ్లి హాల్లో ఒక బాక్సు పెట్టాడు. గేటు పక్క గదిలో యాంప్లిఫయరు పెట్టి, కిటికీలోంచి వైరు లాగాడు. అంతటితో పని అయిపోయింది. కానీ చేతులకు అయిపోయినట్టు అనిపించలేదు. ఏళ్ల తరబడి ఆయన ఎక్కడ సెట్టు కట్టినా మేడమీద రెండు హారన్లు, మూతులు వీధివైపు తిప్పి కట్టాల్సిందే. లోపలున్నవాళ్లకు మైకెందుకు, వాళ్లకు ఎలాగూ కనబడుతుంది, వినాల్సింది బయటివాళ్లు అనేది ఆయన సిద్ధాంతం. పరీక్షకు ఏ సిద్ధాంతం వర్తిస్తుందో ఆలోచించేలోగా చేతులు నిచ్చెనెక్కి హారన్లు కట్టి దిగివచ్చాయి.

పరీక్ష జరిపించడానికి బయటినుంచి వచ్చిన మేడం కళ్లజోడు సవరించుకుని రికార్డు అప్పగించింది. "నేను గంట కొట్టగానే పెట్టండి. మధ్యలో ఆపకండి. ప్రతి భాగమూ రెండుసార్లు వస్తుంది." తర్వాత వెళ్లి హాలు తలుపులు మూయించింది.

గంట మోగింది. మైకాయన మీట నొక్కాడు. ఒక ఇంగ్లీషాయన గొంతు వీధి చివరిదాకా గుండ్రంగా, నిండుగా, ఒక్క మాటా నలగకుండా వెళ్లింది. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ గొంతు సంగతి తెలుసు. ఈసారి ఏ స్పీకరూ ఏ సగమూ మింగదని తృప్తిగా గోడకు చేరగిలబడ్డాడు.

వీధిలో దర్జీ మిషను ఆపాడు. టీకొట్టు ముందు మాటలు ఆగాయి. అందరూ రిటైర్డు ఇంగ్లీషు మాస్టారి వైపు తిరిగారు. ఆయన్ను ఊళ్లో తొందర మాస్టారంటారు. ఎదుటివాడు సగం చెప్పేసరికి మిగతా సగం ఆయనకు తెలిసిపోతుంది. రిటైరయ్యాక ఆయన ఇంగ్లీషుతో ఎవరికీ పని పడలేదు. ఇన్నాళ్లకు పడింది.

"మధ్యాహ్నం నుంచి నీళ్లు ఆపేస్తారట," అన్నాడాయన, ఇంగ్లీషాయన ఇంకా మాట్లాడుతుండగానే. "అందరూ పట్టి పెట్టుకోవాలట."

"నిజమేనంటారా మాస్టారూ?" అన్నాడు దర్జీ.

అంతలో అదే గొంతు అదే మాట మొదటినుంచి మొదలుపెట్టింది.

"చూశావా, రెండోసారి కూడా చెప్తున్నారు. అబద్ధమైతే రెండుసార్లు చెప్తారా?"

ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. చేతికందిన బిందె, బకెట్టు, గిన్నె అన్నీ కుళాయిల కిందికి వెళ్లాయి. కిటికీలోంచి మైకాయనకు పరుగెత్తే జనం కనిపించారు. ఎందుకో తెలియదు. ఆ జనంలో ఆయన భార్య కూడా రెండు బిందెలతో వెళుతోంది. ఇంగ్లీషుకు ఇంత గిరాకీ ఉందని ఆయన అనుకోలేదు.

రెండో భాగంలో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి బస్సు గురించి మాట్లాడుకున్నారు. స్టాపు పోస్టాఫీసు వెనక్కి మార్చారని తొందర మాస్టారు తేల్చాడు. స్టాపు దగ్గరున్నవాళ్లు మూటలు ఎత్తుకుని పోస్టాఫీసు వెనక సందులోకి నడిచారు. ఖాళీ స్టాపుకు వచ్చిన బస్సు డ్రైవరు, జనాన్ని వెతుక్కుంటూ ఆ సందులోకి తిప్పాడు. సందు బస్సును లోపలికి రానిచ్చింది గానీ బయటికి వదల్లేదు. ఊరి ట్యాంకు దగ్గర నీళ్లు వదిలే ఆయన ఆ బస్సులోనే ఉన్నాడు. తలుపు గోడకు ఆనుకుపోయి ఎవరూ దిగే వీలు లేదు.

మూడో భాగంలో ఒకావిడ గొంతు వణికింది. ఆవిడ గోధుమరంగు కుక్క తప్పిపోయిందట. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చెప్పాడు.

కాసేపటికి గేటు దగ్గర మొరుగుళ్లు మొదలయ్యాయి. మైకాయన బయటికి వచ్చి చూస్తే దర్జీ కొలతల టేపు మెడకు కట్టి ఒక కుక్కను లాక్కొస్తున్నాడు. వెనక ఇంకొందరు, ఇంకొన్ని కుక్కలు. రంగు విషయంలో ఎవరూ పెద్దగా పట్టింపుకు పోలేదు.

"ఆవిడేది?" అన్నాడు దర్జీ.

"ఏ ఆవిడ?"

"నీ మైకులో ఏడ్చిన ఆవిడ."

"ఆవిడ రికార్డులో ఉందయ్యా."

"ఎక్కడుంటే అక్కడికి పిలుచుకురా. ఇది నా చెయ్యి కరిచేలా ఉంది."

అప్పటికి మైకాయనకు మేడమీది హారన్లు గుర్తొచ్చాయి. తొందర మాస్టారు గేటు దగ్గరికి వచ్చి, నీళ్ల సంగతి, బస్సు సంగతి, కుక్క సంగతి ఒక్కొక్కటే వివరించాడు. ఈ గోల హాల్లోకి పోతే తన కూతురు ఏం వింటుంది, ఏం రాస్తుంది? లోపల రికార్డు ఆగింది. అయిపోయిందనుకున్నాడు. అది జవాబులు సరిచూసుకోవడానికి పిల్లలకిచ్చిన విరామమని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పారేమో, ఆ సగం వినలేదు.

ఊరిని ఊరుకోబెట్టడానికి ఆయనకు ఒకటే దారి తెలుసు. గదిలోకి ఉరికి మైకు అందుకున్నాడు.

"హలో, హలో. ఊరివాళ్లందరికీ మనవి. ఇది పరీక్ష. నీళ్లు ఆపేస్తారనీ, బస్సు స్టాపు పోస్టాఫీసు వెనక్కి మారిందనీ, ఒకావిడ కుక్క తప్పిపోయిందనీ చెప్పిందంతా పరీక్ష కోసం చెప్పింది. ఎవరూ నమ్మకండి. నీళ్లు ఆగవు. మళ్లీ చెప్తున్నా." రెండోసారి కూడా చెప్పాడు.

చెప్పి మైకు దించాక ఆయన చెవికి ఒక చప్పుడు తగిలింది. చప్పుళ్లతో బతికే మనిషి గనక వెంటనే పోల్చుకున్నాడు. హాలు నిండా ఒకేసారి రబ్బర్లు కాగితాల మీద రుద్దుతున్న చప్పుడు. హారన్లూ, హాల్లోని బాక్సూ ఒకే వైరు మీద ఉన్నాయి.

మేడం వచ్చింది. వెనక హెడ్మాస్టరు. ఆయన ముఖంలో చుక్క నెత్తురు లేదు.

"జవాబులు సరిచూసుకునే వేళ మూడు ప్రశ్నలకీ జవాబులు మైకులో చెప్పారు," అంది మేడం. అరవలేదు. అరిచినా బాగుండేది. "లోపల మీవాళ్లెవరైనా రాస్తున్నారా?"

మైకాయన ఉన్నారన్నట్టు తల ఊపాడు.

"ఎవరు?"

"మా అమ్మాయండీ. దానికేం తెలీదండీ. ఏదన్నా చేస్తే నన్ను చెయ్యండి."

"ఏం చెప్పారో మళ్లీ చెప్పండి."

మెల్లగా చెప్పాడు. నీళ్లు, స్టాపు, కుక్క. మేడం సీలు కవరు చింపి జవాబుల కాగితం తీసింది. ఒకసారి చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివింది.

"మూడూ తప్పే," అంది.

"ఆఁ?" అన్నాడు హెడ్మాస్టరు.

"నీళ్లు ఇవాళ ఆగాల్సింది, వచ్చే వారానికి మార్చారు. స్టాపు మారేది ఆదివారాలు మాత్రమే. కుక్క పక్కింట్లో దొరికిపోయింది. వినే పరీక్ష ఎప్పుడూ అంతే, ముందు ఒకటి చెప్పి చివర్లో తిప్పుతారు. చివరిదాకా వింటారో లేదో చూడ్డానికే గదా పెట్టేది." మైకాయన వైపు తిరిగింది. "మీకివి ఎవరు చెప్పారు?"

మైకాయన గేటు వైపు చూశాడు. తొందర మాస్టారు అప్పటికే ఎవరో తనను పిలిచినట్టు అటు తిరిగి నడుస్తున్నాడు.

"బయటపడింది జవాబులు కావు గనక పరీక్ష చెల్లుతుంది," అంది మేడం. "చెరిపి మార్చుకున్నవాళ్ల సంగతంటారా, చెవులు పెట్టమన్నది రికార్డుకి. మైకుకి కాదు. ముందు ఆ వైరు పీకండి."

పీకాడు. హెడ్మాస్టరుకు ప్రాణం లేచొచ్చింది. మైకాయనకు ఉన్నది కూడా పోయింది. ఏ తండ్రయినా పిల్లలు తన మాట వినాలని కోరుకుంటాడు. గ్రామరూ, మాటల అర్థాలూ జరిగినంతసేపూ ఆయన మాత్రం గేటు దగ్గర గొంతుక్కూర్చుని, తన కూతురు తన మాట విని ఉండకూడదని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

ఆ మధ్యలో నీళ్లు వదిలే ఆయన చొక్కా చిరిగిపోయి, రొప్పుతూ వచ్చాడు. బస్సు కిటికీలోంచి దిగాడట.

"ఊరంతా ఒక్కసారే కుళాయిలు తిప్పితే ట్యాంకు అడుగంటింది. నేను వెళ్లేసరికి మోటారు గాలి తాగి కాలిపోయింది. రేపటిదాకా నీళ్లు లేవు. కాస్త మైకులో చెప్పు బాబూ."

"ఇవాళ నా చేత మైకు పట్టించకు అన్నా. నీకు పుణ్యముంటుంది."

నీళ్లాయన తానే వీధిలో నిలబడి అరిచాడు. దర్జీ కుట్టుమిషను మీంచి తలెత్తకుండా అన్నాడు, "అది పరీక్షలే. ఇందాక మైకాయన చెప్పాడు."

పరీక్ష అయ్యాక కూతురు బయటికి వచ్చింది. తండ్రీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కొంత దూరం నడిచారు. హారన్లు ఆయన రెండు భుజాల మీదా ఉన్నాయి, మూతులు వెనక్కి తిప్పి.

"అమ్మా, నేను మైకులో చెప్పింది విన్నావా?"

"విన్నా."

ఆయన ఆగిపోయాడు. "మరి, మార్చావా?"

"నా పక్కమ్మాయి మార్చింది. ముందున్న అబ్బాయి రబ్బరు అడుక్కుని మరీ మార్చాడు." కూతురు పెన్సిలు జడలో గుచ్చుకుంది. "నేను మార్చలేదు."

"ఎందుకు?"

"నువ్వు చెప్తే సగమే అయ్యుంటుందని."

మైకాయన ఈ మాటకు బాధపడాలా అని ఆలోచించాడు. వీలు పడలేదు. దగ్గు వచ్చినట్టు నటించి భుజం మీది హారను సర్దుకున్నాడు.

ఇంటి ముందు తాడు నిండా దుప్పట్లు, రగ్గులు ఆరేసి ఉన్నాయి. నీళ్లోడుతున్నాయి. బిందెలు బోర్లించి ఉన్నాయి. భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"నీళ్లాగుతాయంటే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపాను," అంది. "ఆగవని నువ్వే చెప్పావు. రెండుసార్లు చెప్పావు. పట్టిన నీళ్లు పారబొయ్యడం ఎందుకని ఇంట్లో ఉన్న బరువు బట్టలన్నీ ఉతికేశాను."

"మరి నీళ్లు?"

"ఇన్నేళ్లలో ఒక్క రోజు నీ మాట నమ్మాను. ఇక నువ్వే చెప్పు, నీళ్లెక్కడున్నాయో."

కూతురు నవ్వు కనబడకుండా అటు తిరిగి తాడు మీది దుప్పటి కొస పిండింది.

వండడానికి నీళ్లు లేక పొయ్యి వెలగలేదు. పొద్దుట మిగిలిన రొట్టెలు, రెండు ఉల్లిపాయలు పళ్లేల్లో పెట్టుకుని ముగ్గురూ కింద కూర్చున్నారు. చెంబు అడుగున ఉన్న గుక్కెడు నీళ్లను భార్య కూతురి వైపు జరిపింది. కూతురు తండ్రి వైపు జరిపింది. ఆయన మళ్లీ భార్య వైపు జరిపాడు. రొట్టె నమిలే చప్పుడు, బయట దుప్పట్లలోంచి చుక్కలు రాలే చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

పెరట్లో కుళాయి ఒకసారి దగ్గి, బుసకొట్టి, ఒక్క చుక్క రాల్చింది. ఎవరూ లేవలేదు, రెండోసారి కూడా చెబితే చూద్దామని కూర్చున్నారు.