ప్రారంభోత్సవం కాని వెలుతురు

వృక్ష వికాస శాస్త్రంలో యువ పరిశోధకులకు పన్నెండు రోజులపాటు ఇచ్చిన ఉన్నతస్థాయి ప్రయోగాత్మక శిక్షణ దిగ్విజయంగా ముగిసింది. ప్రారంభోత్సవమూ ముగింపు సభా ఒకే పూట, ఒకే వేదిక మీద, ఒకే ముఖ్య అతిథి చేతుల మీదుగా జరగడం సంస్థ చరిత్రలో ఇదే మొదలు. ఆ రెండింటి మధ్యా జరగవలసిన శిక్షణ అప్పటికే జరిగిపోయింది గనక ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

సంగతేమిటంటే, ఈ శిక్షణ కోసమే సంస్థవారు మొక్కల గదిలో ఇరవై నాలుగు కొత్త దీపాలు బిగించారు. కొత్తవన్నాక ఎవరో ఒక పెద్దమనిషి ప్రారంభించాలి. పెద్దమనిషికి పన్నెండో రోజు దాకా తీరిక లేదు. అంతదాకా స్విచ్చు బోర్డుకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి రెండు చివర్లా లక్క ముద్ర వేశారు. మరి పాత దీపాలేమయ్యాయని మీరడగవచ్చు. కొత్తవి వచ్చిన రోజే వాటిని పీకి పారేశారు. కొత్త మైక్రోస్కోపుకీ ఇదే మర్యాద దక్కింది. దానికి ముసుగు వేసి, ముసుగుకి రిబ్బను చుట్టారు. శిక్షణార్థులు రోజూ గంటసేపు ఆ ముసుగు ముందు వరసగా నిలబడి, ఏ మర ఎటు తిప్పాలో గాలిలో చేతులు తిప్పుతూ అభ్యాసం చేశారు.

వచ్చిన పద్దెనిమిది మందిలో ఒకమ్మాయిని అందరూ మూడాకులు అని పిలిచేవాళ్ళు. ఆవాల కుటుంబంలో ఒక చిన్న కలుపు మొక్క ఉంది. మొలకెత్తగానే రెండు ఆకులు వేయడం దాని తరతరాల అలవాటు. ఈమె నాలుగేళ్ళు తంటాలు పడి మూడు వేసే రకాన్ని సాధించింది. ఆ గింజలు లోకం మొత్తం మీద నలభై ఉన్నాయి. సగమైనా ఇంటి దగ్గర దాచుకోవలసింది. కానీ కరపత్రంలో మైక్రోస్కోపు బొమ్మ చూశాక మనిషి ఆగలేకపోయింది. మూడో ఆకు ఎక్కడ మొదలవుతుందో కళ్ళారా చూడాలని నలభైనీ తెచ్చి మొదటి రోజే తన ట్రేలో చల్లేసింది. పైగా ఇక్కడ ప్రథమ స్థానం తెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం చేస్తానని వాళ్ళ మాస్టారు మాటిచ్చాడు. ఆరేళ్ళుగా ఆమె ఆయన దగ్గర తాత్కాలికంగానే పనిచేస్తోంది.

మొదటి మూడు రోజులూ సమావేశ మందిరంలో ‘మొక్క ఎదుగుదలలో వెలుగు పాత్ర’ మీద ఉపన్యాసాలు జరిగాయి. పక్కనే, కిటికీల్లేని మొక్కల గదిలో అందరి మొలకలూ చిమ్మచీకట్లో ఉన్నాయి. నాలుగో రోజు తలుపు తీసి చూస్తే తెల్లగా, దారప్పోగుల్లా సాగి, తలలు వంచుకుని కనిపించాయి. ఒక్క ఆకూ విచ్చుకోలేదు. దీన్ని ఎదుగుదల అనరు. వెలుగు దొరకని మొలక, గింజలో ఉన్న కాస్త తిండినీ కాండం సాగదీయడానికే వాడేసి వెతుక్కుంటుంది. దొరక్కపోతే చస్తుంది. ఇది ఆ పద్దెనిమిది మందికీ తెలుసు. డైరెక్టరుగారికీ ఒకప్పుడు తెలిసే ఉండాలి, ఆయన డాక్టరేటు ఈ విషయం మీదే.

డైరెక్టరుగారు జేబులోంచి స్కేలు తీసి ఆనించారు. “సెంటీమీటరున్నర! నాలుగే రోజుల్లో! పోయిన బ్యాచికి నెల తిరిగినా కాండం అర సెంటీమీటరు దాటలేదు. ఇదీ అభివృద్ధంటే!” అన్నారు. పదిహేడు మంది చప్పట్లు కొట్టారు. ఎవరి కాండం ఎక్కువ సాగితే వాళ్ళకే ప్రథమ స్థానమని అక్కడికక్కడే ప్రకటన వెలువడింది.

“అవి ఎదగట్లేదు సార్, వెలుగు లేక సాగుతున్నాయి. ఒక్క పూట దీపాలు వేయించండి. లేకపోతే చచ్చిపోతాయి” అంది మూడాకులు.

“చూడమ్మా, నువ్వింకా చిన్నదానివి. ప్రారంభోత్సవం కాని వెలుతురు మొక్క మీద పడితే, రేపు ముఖ్య అతిథిగారు దేన్ని ప్రారంభించినట్టు? మొక్కదేముంది, ఆగుతుంది” అన్నారాయన.

ఆమె మొక్కల గది కాపలాదారు దగ్గరికి వెళ్ళింది. “తాళం నా దగ్గరే ఉంది తల్లీ, అనుమతే లేదు. కాసేపు అటు తిరిగి నిలబడతాను, అంతవరకే నా చేతిలో ఉంది” అన్నాడాయన. ఆ భవనం మొత్తంలో వృక్షశాస్త్రం తెలిసి నడుచుకున్నవాడు ఆయనొక్కడే.

ఆరో రోజు పొద్దున ఆమె ట్రే మెట్ల దగ్గరి కిటికీలోకి చేరింది. మధ్యాహ్నం దాటేసరికి వంగిన తలలు లేచాయి. సాయంత్రానికి ఆకులు విచ్చుకుని లేతపచ్చ రంగు తిరిగింది. ఒకటి, రెండు, మూడు. మూడో ఆకు చూడగానే మూడాకులకు ఏడుపొచ్చింది. నాలుగేళ్ళలో ఆమె అంత సంతోషంగా ఎప్పుడూ ఏడవలేదు.

ఆ సమయానికే డైరెక్టరుగారు మెట్లు దిగారు. మర్నాడు ఉదయం కొలిస్తే ఆమె మొలకలు సాగడం ఆగిపోయి, పేరు జాబితా అడుక్కి జారింది. ‘మొక్కల అధికారిక ఎదుగుదలకు వెలుతురు ద్వారా అంతరాయం కలిగించినందుకు’ సంజాయిషీ ఇమ్మని కాగితం వచ్చింది. కాపలాదారుని వాహనాల షెడ్డుకి మార్చారు. ఆమె మాస్టారికి ఫోన్ చేసింది.

“నీకు ఆకులు కావాలా, ఉద్యోగం కావాలా?”

“రెండూ కావాలి మాస్టారూ.”

“ఆకులదేముందమ్మా, మళ్ళీ మొలుస్తాయి.”

“మొలవవు మాస్టారూ. ఉన్నవే నలభై.”

“అయితే నలభై గడ్డిపరకల కోసం జీవితం తగలేసుకుంటావా?” అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మూడాకులు చాలాసేపు మెట్ల మీద కూర్చుంది. తర్వాత లేచి ట్రేని తన చేతులతోనే చీకటి గదిలో పెట్టి తలుపు వేసింది. సంజాయిషీ ఇలా రాసింది: ‘వెలుతురు సోకగానే కాండం సాగడం ఆగినట్టు గమనించాను. కావున ఎదుగుదలకు వెలుతురు హానికరమని గ్రహించి, మొక్కలను తిరిగి చీకటిలో ఉంచాను.’ మొదటి వాక్యం పచ్చి నిజం. రెండోది రాసేటప్పుడు కలం కాస్త మొరాయించిందిగానీ, రాసింది.

పన్నెండో రోజు ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి మీట నొక్కారు. ఇరవై నాలుగు దీపాలూ ఒక్కసారి భగ్గుమన్నాయి. పన్నెండు రోజుల ఆకలితో ఉన్న మొలకలు ఆ వేడికి తట్టుకోలేక, సభ నడుస్తుండగానే ట్రేల నిండా వాలిపోయాయి. “చూడండి, ఎంత ఎదిగినా ఎంత వినయమో! మన యువత వీటిని చూసి నేర్చుకోవాలి” అన్నారు ముఖ్య అతిథి. కరతాళధ్వనులు మిన్నుముట్టాయి.

ఎదుగుదలకు వెలుతురు హానికరమన్న సత్యం కనుగొన్నందుకు ప్రథమ స్థానం మూడాకులకే దక్కింది. నాలుగు మాటలు చెప్పమన్నారు. ట్రేలో ఒక మొలక మూడాకులతోనూ గోధుమరంగుకి తిరిగి పడుంది. దాని వంక చూసి, “ధన్యవాదాలు” అని ఆమె దిగిపోయింది.

ఉద్యోగం ఖాయమైంది. వచ్చే ఏడాది శిక్షణ ఇచ్చేది ఆమే. పద్దెనిమిది సీట్లకు పదకొండు వందల దరఖాస్తులు వచ్చాయి. తమ పిల్లలకు వెలుతురు అలవాటు చేయలేదని ప్రతి దరఖాస్తు కిందా తల్లో తండ్రో హామీ సంతకం పెట్టారు. పైనుంచి మూడో దరఖాస్తు కింద ఉన్న సంతకం మీదే.